ముందు లేతా, వెల్డింగా? పల్నాటి ఇంటి వర్క్‌షాపుపై ఒక సమీక్ష

ట్రాక్టరు ఉన్న ఇంటి పాకలో ఒక గ్రైండరు, ఒక ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ కనబడటం పల్నాడులో ఇప్పుడు వింతేమీ కాదు. పంట బాగా పలికిన ఏడు ఆ తర్వాత ఏం కొనాలన్న ప్రశ్న వస్తుంది. జవాబులు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. ఐటిఐలో ఫిట్టరు చదివినవారు వైస్, ఆకురాయి చాలంటారు. లేతు షాపులో పెరిగినవారు లేతు లేనిది వర్క్‌షాపే కాదంటారు. రోడ్డు పక్కన వెల్డింగ్ షాపు నడిపేవారు ఆ రెండింటినీ పక్కన పెట్టమంటారు. ఇంట్లో ఇనుప సామాను పోగేసుకోవడం దేనికి, నరసరావుపేటకో పిడుగురాళ్లకో పట్టుకెళ్తే పూట తిరక్కముందే పనైపోతుంది కదా అనేవారూ ఉన్నారు. ఎవరి మాటా పూర్తిగా తప్పు కాదు. ఎవరి మాట ఏ పనికి వర్తిస్తుందో విడదీసి చూడకపోవడంతోనే వాదన చిక్కుపడింది.

కొలిమి నుంచి ఇన్వర్టరు దాకా

ఊరి ఇనుప పని చాలాకాలం కమ్మరి కొలిమి దగ్గరే సాగింది. తిత్తి, దాకలి, సమ్మెట, పట్టకారు, నీళ్ల తొట్టి: ఇంతే సామగ్రి. నాగటి కర్రు సాగగొట్టడం, గుంటక పాసకు పదును పెట్టడం, బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం, కొడవలికి కక్కు కొట్టడం అన్నీ అక్కడే. దుర్గి శిల్పుల ఉలులకు కూడా కొలిమే దిక్కు. కూలి కళ్లంలో మేరగా ముట్టేది. రైతు ఇంట్లో సొంత పనిముట్లు ఉండాల్సిన అవసరం ఆ ఏర్పాటులో లేదు, పని తెలిసిన మనిషి ఊళ్లోనే ఉన్నాడు కనుక. ఇప్పటి వాదనలో చాలామంది మరిచిపోయే సంగతి ఇదే. పల్నాడులో ఇంటి వర్క్‌షాపు సరదాగా పుట్టలేదు; కొలిమి చల్లారిన ఊళ్లో అవసరం కొద్దీ పుట్టింది.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లొచ్చాయి. కుడికాలువ కింద సేద్యం పెరిగేకొద్దీ ఆయిల్ ఇంజన్లు, మోటార్లు, ట్రాక్టర్లు, ట్రాలీలు వచ్చాయి. మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ, పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, దాచేపల్లి వైపు నాపరాళ్ల క్వారీలు ఉండనే ఉన్నాయి. వీటికి కావలసిన బుష్షులూ పిన్నులూ షాఫ్టులూ కొలిమిలో తయారయ్యేవి కావు. టౌన్లలో లేతు షాపులు వెలిశాయి. అక్కడ తీరని పని గుంటూరు, విజయవాడ ఆటోనగర్లకు వెళ్లేది. మెషిన్లు కొన్ని మన దగ్గర తయారైనవే: 1943లో సికింద్రాబాదులో మొదలైన ప్రాగా టూల్స్ మిల్లింగ్ మెషిన్లు, డ్రిల్ చక్కులు చేసేది. 1953లో బెంగుళూరులో ఏర్పడిన హెచ్‌ఎంటి లేతులు ఇప్పటికీ సెకండ్‌హ్యాండ్ బజారులో గౌరవంగా చేతులు మారుతున్నాయి. చిన్న షాపువారి మెషిన్ మాత్రం ఎక్కువగా రాజ్‌కోట్‌దో, పంజాబులోని బటాలాదో.

ఇంట్లోకి ఇనుప పనిని తెచ్చింది వీటిలో ఏదీ కాదు. తెచ్చింది ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్. పాత ఆయిల్ కూల్డ్ ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు రెండు ఫేజులు అడిగేది, జరపాలంటే చక్రాలుండాలి. ఇన్వర్టరు భుజాన వేసుకుపోయేంత తేలిక, ఇంటి సింగిల్ ఫేజు మీద నడుస్తుంది. అది వచ్చాక వెల్డింగు షాపు గుమ్మం దాటి పాకలోకి వచ్చింది. ఇక లేతు కూడా రాకూడదా అన్న ఆశ అక్కణ్నుంచి మొదలైందే.

ఈ ఆశకు బయటి సాహిత్యమూ తోడైంది. ఇంట్లో మెషిన్ షాపు పెట్టుకోవడం బ్రిటన్‌లో పాత వ్యాపకం. లండన్‌లో పెర్సివల్ మార్షల్ 1898లో ప్రారంభించిన ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక దానికి చాలాకాలం ఆసరా. వారికి లేతే అన్నిటికీ తల్లి, ఎందుకంటే వారు చేసేది బల్ల మీద తిరిగే బుల్లి ఆవిరి యంత్రాలు. అమెరికాలో డేవిడ్ జింజరీ 1980లలో రాసిన పుస్తకాలు ఇంకో అడుగు వేశాయి: బొగ్గు కొలిమి కట్టుకుని, పాత అల్యూమినియం కరిగించి, లేతునే స్వయంగా తయారుచేసుకోమన్నాయి. ఇప్పుడు వీడియోల్లో తెలుగు కుర్రవాళ్లు చూసేది చాలావరకు ఈ సంప్రదాయమే. చెడ్డదేమీ కాదు గానీ, అది మిర్చి కోతల వేళ ట్రాలీ కొక్కెం విరిగినవాడి కోసం పుట్టిన సలహా మాత్రం కాదు.

నాలుగు వాదాలు

మొదటిది ఫిట్టరు వాదం. ఐటిఐలో ఫిట్టరు కోర్సు రెండేళ్లు. మొదట్లో నెలల తరబడి ఇనుప ముక్కను ఆకురాయితో చదును చేయిస్తారు, హ్యాక్సాతో గీత తప్పకుండా కోయిస్తారు, పంచితో గుర్తులు పెట్టిస్తారు. పిల్లలు విసుక్కుంటారు కానీ చదును అంటే ఏమిటో, మూలమట్టం అంటే ఏమిటో చేతికి తెలిసేది అప్పుడే. ఈ వాదానికి ఖర్చు తక్కువ, కరెంటు అక్కర్లేదు. పైగా దీని చిట్కాలు వాడకంలో నిలుస్తాయి: కోస్తున్న మందంలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఉండాలి కనుక పలుచని పైపుకు అంగుళానికి 24 పళ్ల బ్లేడు, మందపు కడ్డీకి 18 పళ్లది అన్న లెక్క తెలిసినవాడి బ్లేడు నెలలు వస్తుంది. లోపం, కాలం. సీజన్లో మనిషికి లేనిది అదే.

రెండోది వెల్డింగ్ వాదం, పల్నాడులో మెజారిటీ దీనిదే. ట్రాలీ అంచులు, గొర్రు ఫ్రేములు, గుంటకలు, గేట్లు, పందిరి పైపులు: ఈ ప్రాంతపు ఇనుప పనిలో ఎక్కువ భాగం యాంగ్లర్, ఫ్లాటు, పైపు కోసి అతకడమే. గ్రైండరు, వెల్డింగ్ మెషిన్ ఉంటే నూటికి డెబ్బయ్యో ఎనభయ్యో పనులు అవుతాయంటారు. శాతం మాటెలా ఉన్నా ఆ ధోరణి నిజమే. చిక్కు మరోచోట ఉంది. రాడ్డు చేతిలో ఉన్నవాడు అన్నిటినీ రాడ్డుతోనే నయం చేయబోతాడు. లారీ కమాను పట్టీ, రోటవేటరు బ్లేడు మామూలు ఇనుము కావు, గట్టిపడే ఉక్కు. మామూలు 6013 రాడ్డుతో చల్లగా ఉన్న ఆ ఉక్కును అతికితే, అతుకు పక్కన ఉన్న లోహం ఒక్కసారిగా కాగి, చుట్టూ ఉన్న చల్లని ఉక్కు వేడిని లాగేయడంతో గాజులా పెళుసెక్కుతుంది. అతుకు నిలుస్తుంది, పక్కన పగులుతుంది. రైతు రాడ్డును తిడతాడు. ముందు వేడి చేయడం, పొడిగా ఆరబెట్టిన 7018 రాడ్డు వాడటం, తర్వాత ఆ భాగాన్ని బూడిదలోనో పొడి సున్నంలోనో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వడం దీనికి మందు. సున్నానికి పల్నాడులో కరువు లేదు కదా. ఏ ఉక్కును ఎంత వేడి చేయాలో రంగు చూసి చెప్పగలిగినవాడు కమ్మరి. ఆ తెలివి వెల్డింగ్ షాపుకు వారసత్వంగా రాలేదు.

మూడోది లేతు వాదం. దీన్ని విడిగా చూద్దాం.

నాలుగోది బయటి పని వాదం. లేతు షాపువాడు రోజూ చేసే పనిని ఇంట్లో ఏడాదికి నాలుగుసార్లు చేసేవాడు ఎప్పటికీ అంత బాగా చేయలేడు, అంత చవకగానూ చేయలేడు. ఈ వాదానికి తెలుగునాట మంచి ఉదాహరణ చింతకింది మల్లేశం. ఆలేరులో అమ్మ చీర నేతకు ముందు ఆసు పోయడానికి పడే కష్టం చూసి 1992లో యంత్రం మొదలుపెట్టి 1999కి పూర్తిచేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. అంత పనీ సొంత మెషిన్ షాపుతో మొదలైంది కాదు. హైదరాబాదు బాలానగర్ వర్క్‌షాపుల పరిసరాలు ఆయనకు బడిగా పనికొచ్చాయి. కొత్తది తయారుచేయడానికి ఇది సరిపోయే దారి. మరమ్మతుకు అంతగా సరిపోదు. మాచర్ల అవతలి ఊరి నుంచి గుంటూరు వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి, ఒక రోజు కోత రెండూ పోవడమే.

లేతు లెక్క

లేతు మీద మోజు అర్థంకానిదేమీ కాదు. గుండ్రంగా ఉన్న ఏ భాగాన్నైనా మళ్లీ పుట్టించగల యంత్రం అదొక్కటే. కానీ పల్నాటి పాకలో దాని ముందుకు వచ్చే జాబులు ఏమిటో ముందు చూడాలి. ట్రాలీ పిన్ను చాలాసార్లు మంచి బోల్టుతో సరిపోతుంది. మామూలు సైజుల బుష్షులు కొట్లో దొరుకుతాయి. మిగిలేది షాఫ్టు పని, ముఖ్యంగా బేరింగు కూర్చునే చోటు. అసలు పరీక్ష అక్కడే ఉంది.

6205 బేరింగు తీసుకుందాం. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటిది 52, వెడల్పు 15. షాఫ్టు మీద అది బిగువుగా కూర్చోవాలంటే మామూలుగా వాడే బిగింపు ప్రకారం షాఫ్టు 25.002 నుంచి 25.015 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంటే మొత్తం వెసులుబాటు మిల్లీమీటరులో వెయ్యింట 13 వంతులు. చాలా ఇళ్లలో ఉండే వెర్నియర్ చూపగల అతి చిన్న కొలత 0.02. కొలమానమే పట్టలేని తేడాను చేయి ఎలా పట్టుకుంటుంది? మైక్రోమీటరు కావాలి, దాన్ని సరిగా పట్టడం రావాలి, పైగా లేతు తానే సన్నగా దించగలగాలి. లేతు కొన్నాక ఇంటి షాఫ్టుల్లో బేరింగులు వదులై తిరగడానికి మూలం చాలావరకు ఈ లెక్కలోనే ఉంది.

ఏ లేతు అన్న దానిపై రెండు పక్షాలు. పాతదైనా బరువైనది కొనమనేవారు ఒకవైపు, కొత్తగా వచ్చే చైనా మినీ లేతు చాలనేవారు మరోవైపు. బరువు ఊరికే పోదు. పోత ఇనుప బెడ్డు కోతలో పుట్టే వణుకును మింగేస్తుంది, మినీ లేతు ఆ వణుకును పని మీద గీతలుగా చూపిస్తుంది. కానీ నాలుగున్నర అడుగుల రాజ్‌కోట్ లేతు దించాలంటే చైన్ పుల్లీ కావాలి, కింద కాంక్రీటు కావాలి, దాని మోటారు సాధారణంగా త్రీఫేజు. మినీ లేతును ఇద్దరు ఎత్తి బల్ల మీద పెడతారు, ప్లగ్గు పెట్టుకుంటే సరి. ఇత్తడి, అల్యూమినియం, సన్నటి ఇనుప పనులకు అది బాగానే పనికొస్తుంది. ట్రాక్టరు పనికి దాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది.

పాతది కొనేటప్పుడు రంగు చూసి మోసపోవద్దు. చక్కుకు దగ్గరి బెడ్డు భాగమే ఎక్కువగా అరిగి ఉంటుంది కనుక, క్యారేజీ అక్కడ వదులు లేకుండా జిబ్బులు బిగించి తర్వాత టెయిల్‌స్టాక్ వైపు నెట్టి చూడాలి. ఆ చివర బిగుసుకుపోతే బెడ్డు అరిగిందన్నమాట. స్పిండిల్ మీద డయల్ గేజి పెట్టి కర్రతో ఎత్తి చూస్తే బేరింగుల సంగతి తెలుస్తుంది. చేంజ్ గేర్లు అన్నీ ఉన్నాయా అన్నది చాలామంది అడగని ప్రశ్న. పాత లేతుల లీడ్ స్క్రూ తరచుగా అంగుళానికి 4 మరలది. దాని మీద మెట్రిక్ మర కచ్చితంగా కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి, ఎందుకంటే 25.4ను ఐదుతో గుణిస్తే వచ్చేది 127. ఆ ఒక్క గేరు లేని లేతు పాత ట్రాక్టర్ల అంగుళపు మరలకు సేవ చేస్తుంది గానీ ఇప్పటి మెట్రిక్ బోల్టుకు దగ్గరదగ్గరగా మాత్రమే కోస్తుంది.

నా అంచనాలో, పల్నాడులో సొంత లేతు లాభసాటి అయ్యేది ఒక్క సందర్భంలో: ఇంట్లో ఎవరో ఒకరు టర్నర్ పని నిజంగా నేర్చి, ఊరివాళ్ల పని కూడా చేయగలిగినప్పుడు. అప్పుడది ఇంటి వర్క్‌షాపు కాదు, చిన్న వ్యాపారం. కరెంటు కనెక్షన్ నుంచి అన్నీ మారతాయి.

పట్టు, రంధ్రం, కొలత

లేతు, వెల్డింగ్ వర్గాల పోట్లాటలో మరుగున పడే మూడు వస్తువులున్నాయి.

మొదటిది వైస్. ఆరు అంగుళాల దవడలున్న మంచి వైస్, కదలని బల్లకు బిగించి, నిలబడినప్పుడు మోచేతి ఎత్తుకు వచ్చేలా. మామూలు పోత ఇనుప వైస్ సుత్తి దెబ్బలకు పగులుతుంది. ఎస్‌జి ఐరన్‌దో, ఫోర్జింగు ఉక్కుదో ఖరీదెక్కువైనా తీసుకోవాలి. దెబ్బలు పడాల్సిన పనికి రైలు పట్టా ముక్కను దాకలిగా పక్కన పెట్టుకుంటే వైస్ బతుకుతుంది. పట్టు సరిగా లేని ఇనుము మీద గ్రైండరు పెట్టడమే సగం ప్రమాదాలకు దారి.

రెండోది పిల్లర్ డ్రిల్. చేతి డ్రిల్ నిమిషానికి 2,600 చుట్లు తిరుగుతుందనుకోండి. పది మిల్లీమీటర్ల బిట్టు అంచు నిమిషానికి 80 మీటర్లకు పైగా వేగంతో రాపాడుతుంది. మామూలు ఇనుముకు హెచ్‌ఎస్ఎస్ బిట్టు తట్టుకునేది దాదాపు 25 మీటర్లు, అంటే సుమారు 800 చుట్లు. బిట్టు నీలం రంగుకు తిరిగి మొద్దుబారిందంటే అది నాసి బిట్టు కాకపోవచ్చు, వేగం మూడింతలు ఉండొచ్చు. బెల్టు మార్చి వేగం తగ్గించుకునే పిల్లర్ డ్రిల్, కొంచెం కటింగ్ ఆయిల్, నిటారుగా దిగే రంధ్రం. దానికి ఒక ట్యాపుల సెట్టు జోడిస్తే విరిగిన మరలు మళ్లీ వేసుకోవచ్చు. ఎం8కు 6.8, ఎం10కు 8.5, ఎం12కు 10.2 మిల్లీమీటర్ల రంధ్రం ముందు వేయాలి. ఈ మూడు అంకెలు గోడ మీద సుద్దతో రాసి ఉంచుకుంటే విరిగే ట్యాపులు తగ్గుతాయి.

మూడోది కొలత. ఒక నమ్మకమైన వెర్నియర్, మూలమట్టం, గీతకత్తి, సెంటర్ పంచి. వీటి మీద పెట్టిన డబ్బు ఏ మెషిన్ వచ్చినా పనికొస్తుంది.

కరెంటు, ఎండ

రెండున్నర మిల్లీమీటర్ల రాడ్డును 80 ఆంపియర్ల మీద కాలిస్తే ఇన్వర్టరు గోడ నుంచి లాగేది సుమారు 14 ఆంపియర్లు. 3.15 మిల్లీమీటర్ల రాడ్డును 110 మీద కాలిస్తే 20 దాటుతుంది. మొదటిది 16 ఆంపియర్ల సాకెట్టు మీద ఎలాగో నడుస్తుంది. రెండోదానికి మీటరు నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో విడి లైను, తగిన ఎంసిబి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సిసిబి, నిజమైన ఎర్తింగు ఉండాలి. ఊరి చివర ఇంట్లో ఓల్టేజి 190కి పడితే అదే పనికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వైరు ఇంకా వేడెక్కుతుంది. ప్లగ్గు కరిగిందంటే కారణం సాధారణంగా మెషిన్ కాదు.

మెషిన్ మీద రాసే డ్యూటీ సైకిల్ 40 డిగ్రీల వేడిని లెక్కలోకి తీసుకుని ఇచ్చేది. 60 శాతం అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చవచ్చు. రెంటచింతల మే నెలలో 45 డిగ్రీలు దాటడం వార్త కూడా కాదు. రేకుల పాక కింద ఇంకా ఎక్కువ. అక్కడ ఆ ఆరు నిమిషాలు అలాగే ఉండవు. అందుకే 200 ఆంపియర్లది కొని 100 దగ్గర వాడటం దుబారా కాదు. మెషిన్‌ను నేల మీద కాక కొంచెం ఎత్తున పెట్టడం, గ్రైండింగు రజను దాని ఫ్యానులోకి పోకుండా చూడటం దాని ఆయుష్షును నిలుపుతాయి. సున్నపు బట్టీల దగ్గర ఉన్నవారు ఆ ధూళి పడకుండా కూడా కప్పాలి.

త్రీఫేజు లేతును సింగిల్ ఫేజు మీద నడపడానికి వీఎఫ్‌డి అనే ఎలక్ట్రానిక్ డ్రైవు పెట్టుకోవచ్చు. అయితే 230 ఓల్టులు తీసుకునే వీఎఫ్‌డి ఇచ్చేదీ 230 ఓల్టుల త్రీఫేజే. మన దగ్గర 1, 2 హెచ్‌పి మోటార్లు 415 ఓల్టులకు స్టార్ కనెక్షన్‌లో ఉంటాయి కనుక, ఆరు వైర్లూ బయటికి ఉన్నవాటిని డెల్టాకు మారిస్తే సరిపోతుంది. పెద్ద మోటార్లు ముందే డెల్టాలో ఉంటాయి, వాటికి ఈ ఉపాయం చెల్లదు. పొలం మోటారు లైను నుంచి లేతుకు వైరు లాగేవారి గురించి ఒక్క మాట: 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అది అనధికార వాడకం. ఇంటి మీటరు మీద డబ్బు తీసుకుని పని చేసినా అంతే, కేటగిరీ మార్పించుకోవాలి.

నిప్పురవ్వ

పల్నాటి ఇంట్లో వర్క్‌షాపు పెట్టడానికీ వేరే చోట పెట్టడానికీ ఒక పెద్ద తేడా ఉంది: పత్తి. ధర కోసం ఎదురుచూస్తూ ఇంట్లో, వసారాలో పత్తి పోసి ఉంచుతారు. గ్రైండరు రవ్వలు మీటర్ల దూరం పోతాయి. పత్తిలో పడిన రవ్వ మంటగా లేవదు, లోపల రాజుకుంటుంది, పని ముగించి తలుపు వేసుకున్నాక బయటపడుతుంది. పత్తి, ఎండిన మిర్చి, చొప్ప ఉన్న కప్పు కింద గ్రైండరు, వెల్డింగు పనికి రావు. ఇందులో మధ్యేమార్గం లేదు. పురుగుమందు, డీజిలు ఉన్న డ్రమ్ములను ఖాళీ అయ్యాయని అతకడం కూడా అంతే. లోపలి ఆవిరి పేలుతుంది.

నాలుగంగుళాల గ్రైండరు 11,000 చుట్లు తిరిగితే దాని చక్రం అంచు సెకనుకు 57 మీటర్లు పోతుంది. చక్రం మీద రాసే గరిష్ఠం 80. గార్డు తీసేసి ఏడంగుళాల చక్రం బిగిస్తే ఆ వేగం 103 దాటుతుంది. గార్డు తీయకుండా అది పట్టదు, గార్డును అంత చిన్నగా చేసింది అందుకే. చక్రం మధ్య ఇనుప రింగు మీద గడువు తేదీ ఉంటుంది, చూసి కొనాలి. వెల్డింగుకు 10 లేదా 11 నంబరు అద్దం, నూలు బట్టలు, కాళ్లకు తోలు. జిఐ పైపు అతికేటప్పుడు లేచే తెల్లటి పొగ జింకుది, ఆ రాత్రి జ్వరం తెస్తుంది. అతికే చోట పూత ముందే గీకేయాలి.

పక్కపక్కన పెడితే

ఫిట్టరు దారికి డబ్బు తక్కువ, ఓపిక ఎక్కువ. అది మిగతా మూడు దారులకూ పునాది. వెల్డింగు దారి ఫలితాన్ని వెంటనే చూపిస్తుంది, పల్నాటి పనికి బాగా సరిపోతుంది, కానీ ఉక్కు రకం తెలియనివాడి చేతిలో నమ్మించి పగులుతుంది. లేతు దారి గౌరవప్రదమైనది, స్థలం, నేల, ఫేజు, నేర్పు అన్నీ అడుగుతుంది. బయటి పని దారిలో నాణ్యత ఎక్కువ, సీజనులో ఆలస్యమూ ఎక్కువ.

వీటిని యంత్రాల పోటీగా చూడకుండా ఆగలేని పని, ఆగగలిగే పని అని విడదీస్తే చాలా గొడవ తీరుతుంది. కోత మధ్యలో విరిగే కొక్కెం, ఊడే ఫ్రేము, పోయే మర ఆగవు. వాటికి కావలసినవి ఇంట్లో ఉండాలి: వైస్, వెర్నియర్, గ్రైండరు, ఇన్వర్టరు, పిల్లర్ డ్రిల్, ట్యాపులు, దాదాపు ఆ వరుసలోనే. షాఫ్టు, బేరింగు సీటు, గేరు పని సీజను ముగిశాక ఒక జాబితా రాసుకుని టౌనుకు తీసుకుపోవచ్చు. లేతు షాపువాడికీ అప్పుడే తీరిక.

ఇంకా తేలనివి

ఇన్వర్టరు పాడైతే ఏమిటన్నది మొదటిది. పాత ట్రాన్స్‌ఫార్మర్ సెట్టు కాలిపోతే చుట్టే మనిషి ఊళ్లో ఉండేవాడు. ఇన్వర్టరు బోర్డు బాగుచేసేవారు ప్రతి టౌనులో లేరు. తక్కువ ధర మెషిన్‌కు విడి భాగాలు దొరకవు, పేరున్నదానికి సర్వీసు సెంటరు దూరం. మరమ్మతు చేసుకోవడానికి కొన్నదే మరమ్మతు కాకుండా మూలకు చేరుతోంది. పేరున్న కంపెనీది కొనాలా, చవకది రెండు కొనాలా అన్న వాదన ఇక్కడే తెగకుండా ఉంది.

గ్యాసు అక్కర్లేని ఫ్లక్సు తీగతో నడిచే చిన్న మిగ్ మెషిన్లు రెండోది. పలుచని రేకుకు, స్ప్రేయరు ట్యాంకు ఫ్రేములకు రాడ్డు కన్నా ఇవి సులువు. కానీ తీగ చుట్ట తేమకు తుప్పు పడితే వ్యర్థం, రాడ్డులా నాలుగు కొని తెచ్చుకునేది కాదు. బ్యాటరీ గ్రైండర్లు పొలం దాకా వెళ్తాయి, మే ఎండలో వాటి బ్యాటరీలు ఎన్నేళ్లు నిలుస్తాయో ఇంకా చూడాలి.

మూడోది, అన్నిటికన్నా ముందే తేలాల్సింది, కొలిమి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కమ్మరం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ కాలంలో రోజుకు 500, ఆపైన తొలి విడత లక్ష, రెండో విడత రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తుంది. ఆ 15,000తో కమ్మరి ఏం కొనాలి? గ్రైండరు, వెల్డింగ్ మెషిన్ కొంటే అతను మరో వెల్డింగ్ షాపు అవుతాడు, అప్పటికే ప్రతి పాకలో ఉన్నదానితో పోటీపడతాడు. బ్లోయరు పెట్టిన కొలిమి, మంచి దాకలి కొంటే కమాను పట్టీ సాగగొట్టి పాస చేయగల, రోటవేటరు బ్లేడుకు సరైన వేడి చూపగల ఒకే ఒక్కడిగా నిలుస్తాడు. కానీ ఆ పనికి ఏడాది పొడవునా గిరాకీ ఉంటుందా అన్నది రైతుల మీద ఆధారపడి ఉంది. మేర పద్ధతి పోయాక దాని స్థానంలో నాలుగైదు ఊళ్లు కలిసి ఒక కొలిమిని నిలబెట్టే ఏర్పాటు ఏదీ ఇంకా రాలేదు. ఆ మాట ఎత్తుతున్నది కొందరు ఫిట్టర్లు, అదీ లేతు షాపు బల్లల దగ్గరే.